బొంగరం పడేదాకా

పోయిన మనిషి మీద విసుక్కోవడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ పన్నెండేళ్లు నన్ను విసిగించిన మనిషి ఒక్కసారిగా పోతే, ఆ విసుగు ఎక్కడికి పోతుంది? నెల రోజులుగా నాతోనే ఉంది. పొద్దున్న సెంటరు తాళం తీస్తుంటే మెట్ల కింద ఎవరో నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. "మేడమండీ, ఆ లైను మార్సేరా?" అని అడిగే మనిషి లేడు. హమ్మయ్య అనుకోవాలి కదా నేను! అనుకోలేకపోతున్నాను. దాంతో ఇంకా చిరాకేస్తోంది.

అతని పేరు రాయను. రాసినా అతనికి నచ్చదు. తన గురించి ఎవరేం రాసినా అందులో తప్పు వెతికే మనిషి. వెతికితే దొరికేది కూడా, అదీ నా బాధ.

నేను అనకాపల్లిలో ఒక చిన్న థెరపీ సెంటరు నడుపుతాను. ఆటిజం ఉన్నవాళ్లు, ఒకచోట నిలకడగా కూర్చోలేనివాళ్లు, మాట ఆలస్యమైనవాళ్లు, ఇలా మెదడు తనదైన దారిలో నడిచేవాళ్లు, పిల్లలూ పెద్దలూ మా దగ్గరికి వస్తారు. ఏడాదికి రెండుసార్లు కొత్త థెరపిస్టులకి మూడు నెలల శిక్షణ కూడా ఇస్తాను. అతను ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాడు. ఆటిజం ఉన్న మనిషి. మొదట నా క్లయింటు. తర్వాత నా శిక్షణ తరగతుల్లో నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. నేను పాఠం చెబుతాను, కొత్తవాళ్లు అతని ఎదురుగా కూర్చుని మాట్లాడతారు, వాళ్లు ఎక్కడ తప్పు చేశారో అతను చెబుతాడు. ఈ ఏర్పాటు నాదే. కోరి నెత్తిన పెట్టుకున్నాను.

పది గంటలకి తరగతి అంటే తొమ్మిదీ నలభైకి మెట్ల కింద ఉండేవాడు. ఎలమంచిలిలో బస్సు మారి వచ్చేవాడు. మా సెంటరుకి దగ్గర దారి బెల్లం మార్కెట్ మీదుగా. ఆ దారిన మాత్రం రాడు. సీజన్లో ఆ బెల్లం వాసన తగిలితే తలనొప్పి వస్తుందని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, ఊరంతా చుట్టు తిరిగి వచ్చేవాడు. వచ్చినవాడు పైకి రావచ్చు కదా? రాడు. పది కాలేదు కదా మరి. నేను పదీ అయిదుకి వెళ్తే "అయిదు నిమిషాలండి" అనేవాడు. కోపంగా కాదు, గడియారం చూసి టైము చెప్పినట్టు చెప్పేవాడు. కోపంగా అన్నా బాగుండేది, నేనూ తిరిగి ఓ మాట అనేదాన్ని.

లోపలికి రాగానే ట్యూబులైటు ఆర్పేసేవాడు. అది జుయ్యిమంటుందట. నాకెప్పుడూ వినపడలేదు. అతను చెప్పాక వినపడటం మొదలైంది. ఇప్పుడు ఇంట్లో కూడా లైటు కింద కూర్చోలేకపోతున్నాను, అంతా అతని పుణ్యమే. తర్వాత కిటికీ పక్క కుర్చీని సగం గోడ వైపు తిప్పుకుని కూర్చునేవాడు. సంచిలోంచి మూడు వస్తువులు తీసి టేబులు మీద వరసగా పెట్టేవాడు. పెరుగన్నం డబ్బా. ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న ఒక కాగితం. పసుపూ ఎరుపూ చారలున్న చిన్న బొంగరం. అవి సర్దుకున్నాక, నా మొహం కేసి కాకుండా ఆ బొంగరం కేసి చూస్తూ అడిగేవాడు.

"మేడమండీ, ఆ లైను మార్సేరా?"

"మార్చలేదు."

"ఎప్పుడు మారుత్తారు?"

"చూద్దాంలే."

"సూద్దాం అంటే ఏ తారీకండీ?"

కొత్తగా చేరిన పన్నెండు మంది ముందు, నా సెంటర్లో, నా టేబులు దగ్గర! నాకెలా ఉంటుంది చెప్పండి. ప్రతి బ్యాచి మొదటి రోజూ ఇదే తంతు. చెవిలో జోరీగలా పన్నెండేళ్లు.

బొంగరం సంగతి ముందు చెబుతాను. లైను సంగతి తర్వాత. తప్పించుకోవడానికి కాదు. సరే, కొంచెం తప్పించుకోవడానికే.

బొంగరం అతను పెట్టే పరీక్ష. కొత్తవాళ్లు ఒక్కొక్కరే అతని ఎదురుగా కూర్చుని ఒక ప్రశ్న అడగాలి. ఒక్కటే. అడిగి, బొంగరాన్ని వేళ్లతో తిప్పాలి. అది తిరిగి తిరిగి పడిపోయేదాకా నోరు మెదపకూడదు. అంతే. అతను తన చేత్తో కర్ర చెక్కి, లక్క పట్టించి, మొగలాకుతో రుద్ది నునుపు చేసిన బొంగరం అది, టేబులు మీద నిమిషం పైనే తిరుగుతుంది. నిమిషం ఎంతసేపు అనుకుంటారు అందరూ. ప్రశ్న అడిగి కూర్చుని చూడండి, తెలుస్తుంది.

మా దగ్గర చేరేవాళ్లందరూ చదువుకున్నవాళ్లే. డిగ్రీలు, డిప్లొమాలు. న్యూరోడైవర్జెంట్ అనే మాటని ఒక్క తప్పు లేకుండా రాస్తారు. దాని మీద పది పేజీలు రాయమన్నా రాస్తారు. ఆ మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటే అర నిమిషం నోరు మూసుకుని ఉండటం మాత్రం ఒక్కరికీ చేతకాదు. బొంగరం నాలుగు చుట్లు తిరిగేసరికి వాళ్ల పెదాలు అదురుతుంటాయి. జవాబు రాలేదంటే అర్థం కాలేదనుకుంటారు. అర్థం కాలేదనుకుని అదే ప్రశ్నని ఇంకా గట్టిగా అడుగుతారు. చేతులు తిప్పుతారు. నవ్వుతారు. బొమ్మల కార్డులు తీస్తారు. చూస్తూ కూర్చునే నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఈసారి బ్యాచిలో రాంబిల్లి నుంచి ఒక అమ్మాయి చేరింది. తెలివైన పిల్ల, హుషారైన పిల్ల. వాళ్లమ్మ చేపల వ్యాపారం. సముద్రం హోరు మీద మాట్లాడి అలవాటైన ఇల్లు కాబట్టి, ఆ పిల్ల గుసగుసలాడినా మా వీధి చివరికి వినపడుతుంది. మొదటి రోజు అతని ఎదురుగా కూర్చుని, "అన్నా, మీకు ఏ రంగు ఇష్టం?" అని అడిగి, బొంగరం తిప్పింది. ఎంతసేపు ఊరుకుంది? మూడు సెకన్లు.

"ఎరుపా? పసుపా? చెప్పన్నా. రెండూ ఇష్టమా? అయ్యో, సిగ్గా అన్నా?"

అతను బొంగరం మీద చెయ్యి వేసి ఆపేశాడు.

"అయిదు," అన్నాడు.

"ఏంటన్నా అయిదు?"

"అయిదు ప్రశ్నలడిగేరు. నాను మొదటిదానికి జవాబు ఎతుకుతున్నాను. మీరు రెండోది అడిగేరు. మొదటిది పోయింది. మళ్లీ మొదట్నించి ఎతకాల. ఎతుకుతుంటే మూడోది అడిగేరు." బొంగరం తీసి జేబులో వేసుకున్నాడు. "మీకు నా జవాబు అక్కర్లేదండి. మీ మాటే సాలు మీకు."

ఆ పిల్ల లేచి బాత్రూములోకి పోయి తలుపేసుకుంది. ఇక ఓదార్పు ఎవరి పని? నా పనే. తలుపు బయట నిలబడి బుజ్జగించి, మొహం కడిగించి, తీసుకొచ్చి కూర్చోబెట్టి, అతన్ని పక్కకి పిలిచాను.

"ఆ మాట కాస్త మెల్లగా చెప్పొచ్చు కదా?"

"మెల్లగానే సెప్పేను కదండీ. పక్క గదిలోకి కూడా ఇనపడి ఉండదు."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం!

"వెరీ గుడ్" అంటే అతనికి గిట్టేది కాదు. మా వాళ్లకేమో అది ఊతపదం. మంచినీళ్లు తాగినా వెరీ గుడ్, తుమ్మినా వెరీ గుడ్. "ఏది బాగుందో సెప్పండి. తెలీకపోతే ఊరుకోండి" అనేవాడు. అదైనా భరించేవాడు కానీ, "ఇటు చూడండన్నా" అన్నారంటే మాత్రం ఇక అంతే. మాట్లాడకుండా లేచి, బయట మెట్ల మీద పది నిమిషాలు కూర్చుని వచ్చేవాడు. తరగతి ఆగిపోయేది. ఒక బ్యాచిలో ఒక కుర్రాడు ఉండబట్టలేక అడిగేశాడు, ఇటు చూడమంటే తప్పేముందని. అడిగి, బుద్ధిగా బొంగరం తిప్పి కూర్చున్నాడు.

బొంగరం పడ్డాక అతను ఎడమ చెయ్యి పైకెత్తి చూపించాడు. చూపుడు వేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

"సూడమన్నారు. సూసేను," అన్నాడు.

పన్నెండు తలలూ నా వైపు తిరిగాయి. నేనేమన్నానో తెలుసా? "టీ చల్లారిపోతోంది, పదండి" అన్నాను. ఆ ఒక్క బ్యాచిలోనే కాదు. ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మాకు టీ టైము అయ్యేది.

పన్నెండేళ్ల కిందట అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది అతని మేనమామ. చెరకు రైతు. నేనప్పుడే సెంటరు పెట్టాను. గోడలకి కొత్త రంగు, బల్ల మీద కొత్త పుస్తకాలు, నాకు ఎక్కడలేని నమ్మకం.

"అమ్మా, మావోడు పనిలో రాచ్చసుడమ్మా," అన్నాడు మేనమామ. "కానీ ఎవులు పిలిసినా పలకడు, మొహం కేసి సూడ్డు. కార్ఖానా సావుకారికి కోపం. నన్ను లెక్కసెయ్యట్లేదు, పనిలోంచి తీసేత్తానంటన్నాడు. ఆ పని పోతే ఈడు మరో పని సెయ్యలేడమ్మా. పిలిత్తే పలికేలాగ సెయ్యండి, సాలు."

నేను ఏటికొప్పాక వెళ్లలేదు. అతను చేసే పని ఎలా ఉంటుందో చూడలేదు. ఎక్కడ కూర్చుంటాడు, షావుకారు ఎటునుంచి పిలుస్తాడు, అప్పుడు చేతిలో ఏముంటుంది, ఒక్కటీ అడగలేదు. వెళ్లి రావడానికి ఒక్క పూట పట్టేది. ఆ పూట నాకు దొరకలేదు! పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గోల్ రాశాను. పిలిచాక మూడు అంకెలు లెక్కపెట్టేలోపు తల తిప్పి, పిలిచిన మనిషి కళ్లలోకి చూడాలి. చూసినప్పుడల్లా కాగితం మీద ఒక టిక్కు. అతనికి టిక్కులంటే ఇష్టం, అది పట్టుకున్నాను. గొప్ప కనిపెట్టానని మురిసిపోయాను కూడా. నేను పిలిచేదాన్ని, అతను చూసేవాడు, అతని నుదుటి మీద చెమటలు పట్టేవి. ఒకరోజు అన్నాడు, "సూత్తే ఇనపడదండి" అని. కళ్లలోకి చూస్తే మాట చెవికెక్కడం లేదని ఒక మనిషి తన నోటితో తాను చెబుతున్నాడు. నేను ఆ రోజు నోట్సులో రాసుకున్నది ఒకే మాట. "సాకులు." ఆ మాట ఇప్పటికీ ఉంది అక్కడ, నా గుండ్రటి అక్షరాల్లో.

అయిదు నెలలకి పదికి పది వచ్చాయి. ఫైల్లో ఆఖరి లైను రాశాను. "పిలిచిన వెంటనే ముఖంలోకి చూడటం: పూర్తిగా సాధించాడు." కింద సంతకం, తేదీ. దాని కాపీ తీసి, మిఠాయి పొట్లంతో పాటు అతని చేతిలో పెట్టాను. అతను జీవితాంతం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగిన కాగితం అదే.

తర్వాత రెండు వారాలు కూడా కాలేదు. కార్ఖానాలో లేతు మిషను మీద బొమ్మకి వాడే అంకుడు కర్ర గిర్రున తిరుగుతోంది, అతను ఉలి పట్టుకుని దాన్ని గుండ్రంగా చెక్కుతున్నాడు. వెనకనుంచి షావుకారు పేరు పెట్టి పిలిచాడు. అతను తల తిప్పి షావుకారు కళ్లలోకి చూశాడు. మూడు అంకెల్లోపే చూసి ఉంటాడు, నాకు సందేహం లేదు. చూపు కర్ర మీంచి తప్పింది, ఉలి పక్కకి పోయింది, దానితో పాటే ఎడమ చేతి వేలు మిషనులో పడింది.

నాకెవరూ చెప్పలేదు. వారం తిరిగాక అతనే వచ్చాడు. అపాయింట్‌మెంటు ఉంది కదా, అందుకని వచ్చాడు. చేతికి ఇంత కట్టు. కూర్చుని, చెప్పాడు.

"మీరు సెప్పినట్టే సేసేనండి. సావుకారి మొహం సూసేను. వేలు పోయింది." కుడి చేత్తో ఆ కాగితం తీసి నా ముందు పెట్టాడు. "సాదించేడు అని రాసేరు. ఇది తప్పండి. మార్సండి."

తిట్టలేదు. ఏడవలేదు. కేకలేసి నాలుగు మాటలని ఉంటే కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని, ఆ రోజుతో తేలిపోయేది. అతను అడిగింది లైను మార్చమని. ఎవరైనా వేలు పోతే లైను అడుగుతారా! నాకేం చెయ్యాలో తోచలేదు. భయం కూడా వేసింది, ఆ సంగతీ చెప్పేస్తాను. ఊళ్లో తెలిస్తే పిల్లల్ని నా దగ్గరికి ఎవరు పంపుతారన్న భయం.

అన్నీ చేశాను. మందులిప్పించాను. అప్పుడు వెళ్లాను ఏటికొప్పాక, మొట్టమొదటిసారి. షావుకారితో మాట్లాడాను. మిషను తిరుగుతుండగా అతన్ని ఎవరూ పిలవకూడదు, కావాలంటే ఎదురుగా వచ్చి, మిషను ఆగేదాకా నిలబడాలి అని ఒప్పించాను. షావుకారు హడలిపోయి ఉన్నాడు, వెంటనే ఒప్పుకున్నాడు. మూడు నెలలకి అతను మళ్లీ ఉలి పట్టాడు. పని నిలబడింది. తర్వాత నేనే పిలిచి తరగతుల్లో కుర్చీ వేశాను. మా దగ్గరికి వచ్చే మనిషి చెప్పేది వినడం కొత్తవాళ్లు నేర్చుకోవాలని నా ఉద్దేశం. ఇన్ని చేశాను కదా! లైను ఒక్కటే మార్చలేదు.

"మూసేసిన ఫైలు తిరగరాయకూడదు. నియమం," అన్నాను ఒక ఏడాది.

"తప్పు రాయకూడదని నియమం లేదాండీ?"

"ఆ పాత ఫైలు ఎవరు చూస్తారు నాయనా!" అన్నాను ఇంకో ఏడాది.

"ఆ బీరువాలోనే ఉంది కదండీ. కొత్తోళ్లు సదువుతారు. సాదించేడు అని ఉంటే, ఇదేదో బాగుందని ఇంకోడికి నేర్పుతారు. ఆడికీ వేలుంటాది కదండీ."

దీనికి నేనేం జవాబు చెప్పాను? టీ తాగుదాం అన్నాను.

రెండేళ్ల కిందట నా ఓపిక పూర్తిగా అయిపోయింది. సరే, ఈ గొడవ ఇవాళతో వదిలిపోవాలనుకుని, ఒక కాగితం మీద రాసి ఫైలుకి కుట్టాను. "ఈ వ్యక్తికి తర్వాత కార్ఖానాలో పని చేస్తుండగా పొరపాటున చేయి జారి ఎడమ చూపుడు వేలికి గాయమైంది." ఫైలు అతని ముందు పెట్టాను. ఇక అడగడు కదా అని లోపల సంబరంగా కూడా ఉంది. అతను ఆ సగం వేలు అక్షరాల కింద జరుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు. ఫైలు మూసి నా వైపు జరిపాడు.

"నా సెయ్యి జారలేదండి."

నా ఒళ్లు మండిపోయింది. "మరేం రాయమంటావు? నీ వేలు నేనే కోశానని రాయమంటావా?" అని అరిచాను. బయట కూర్చున్న తల్లులు లోపలికి తొంగి చూశారు.

అతను బొంగరం తిప్పలేదు కానీ, తిప్పినంతసేపూ ఆలోచించాడు.

"కోసింది మిసనండి. సూడమన్నది మీరు. రెండూ రాయండి."

ఫైలు తీసి గోడకేసి కొట్టాను. అవును, థెరపిస్టులకి శిక్షణ ఇచ్చే నేనే. కాగితాలన్నీ గది నిండా ఎగిరాయి. అతను చెవులు మూసుకుని ఆ చప్పుడు సద్దుమణిగేదాకా ఆగి, కింద కూర్చుని, ఒక్కో కాగితం ఏరి, పేజీ నంబర్ల ప్రకారం పేర్చి, టేబులు మీద పెట్టి, బస్సు టైమైందని వెళ్లిపోయాడు. ఆర్నెల్ల తర్వాత కొత్త బ్యాచి మొదటి రోజు తొమ్మిదీ నలభైకి మెట్ల కింద ఉన్నాడు. "మేడమండీ, ఆ లైను మార్సేరా?"

ఈ బ్యాచిలో ఆఖరి వారానికి రావలసిన రోజు అతను రాలేదు. తొమ్మిదీ నలభై అయింది, పది అయింది, పదీ అయిదు అయింది. ఏనాడూ అలా జరగలేదు. మర్నాడు మేనమామ వచ్చాడు, సంచి భుజాన వేసుకుని. మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూర్చున్నాడు.

"మావోడు పోనాడమ్మా," అన్నాడు.

నేను ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"గుండంట. మొన్న సాయంత్రం పని అయిపోనాక మిసను ఆపీసేడంట. ఉలులన్నీ తుడిసి వరస పెట్టీసేడంట. గోడకి ఆనుకుని కూకున్నాడంట. సావుకారు ఏదో అడిగితే పలకలేదంట. పలకడు కదా ఎప్పుడూ, అని ఎవులూ ఏటీ అనుకోలేదంటమ్మా." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇవి మీకియ్యాల. మంచం కింద పెట్టుకున్నాడు, మీ సెంటరు పేరు రాసుకుని."

సంచిలో అతని చారల బొంగరం ఉంది. ప్లాస్టిక్ కవరులో కాగితం ఉంది. వాటి కింద పేపర్లో చుట్టిన పొట్లాలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు, పెద్ద పెద్ద అక్షరాల్లో. శిక్షణ ఆఖరి రోజున, ఆగడం నేర్చుకున్నవాళ్లకి తన చేతి బొంగరం ఒకటి ఇచ్చేవాడు. నేర్చుకోనివాళ్లకి ఇచ్చేవాడు కాదు, ఎవరేమనుకున్నా. బ్యాచిలో పన్నెండు మంది. పొట్లాలు పదకొండే ఉన్నాయి. ఎవరిది లేదో పేర్లు చదవకుండానే చెప్పగలను. పోతూ పోతూ కూడా మనసు మెత్తబడలేదు మహానుభావుడికి! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, మేనమామ ముందు ఏడవలేక లోపలికి పోయాను.

ఆఖరి రోజు తరగతిలో పొట్లాలు పంచాను. రాంబిల్లి అమ్మాయి ఖాళీ చేతులతో కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. "నాకు రాదని తెలుసు మేడం," అంది.

అప్పుడు బీరువాలోంచి అతని ఫైలు తీశాను. ట్యూబులైటు ఆర్పేసి, కిటికీ పక్కన, అతని కుర్చీలోనే కూర్చున్నాను. ఆఖరి లైను చదివి వినిపించాను. ఆ వేలు ఎలా పోయిందో, ఇన్ని బ్యాచిల్లో ఎవరికీ చెప్పనిది, మొదట్నించి చెప్పాను. పైన మీకు చెప్పకుండా దాటేసిన ముక్క కూడా చెప్పాను.

ఆ ముక్క ఇది. మిఠాయి పొట్లం ఇచ్చిన రోజున అతను తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి అడిగాడు. "మేడమండీ, లేతు మీదున్నప్పుడు కూడా సూడాలా?" అని. అంత సరైన ప్రశ్న ఆ గదిలో అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనైతే అసలు అడగలేదు. నాకు బయట ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. లేతు అంటే ఏమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు. తలెత్తకుండానే, "ఎప్పుడైనా సరే, ఎవరు పిలిచినా సరే" అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు. చెప్పినది చెప్పినట్టు చేసే మనిషికి నేను చెప్పిన మాట అది. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా అతను దాన్ని ఎవరి ముందూ బయటపెట్టలేదు. లైను మార్చమని మాత్రమే అడిగాడు.

పెన్ను తీసి, "పూర్తిగా సాధించాడు" అన్న లైను కొట్టేశాను. చేయి జారిందని రాసిన కాగితం చింపేశాను. కింద రాశాను, రాసింది పైకి చదివాను.

"మిషను మీద ఉన్నప్పుడు కూడా చూడాలా అని ఇతను అడిగాడు. ఎప్పుడైనా చూడాలని నేను చెప్పాను. నేను తప్పు నేర్పాను. ఇతను నేర్చుకున్నాడు. వేలు పోయింది."

టీ తాగుదాం అనబోయి ఆగిపోయాను. రాంబిల్లి అమ్మాయి లేచి వచ్చి, నా ఎదురుగా, కొత్తవాళ్లు పరీక్షకి కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"మేడం, ఈ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా?"

అడిగి, టేబులు మీదున్న చారల బొంగరం తీసి తిప్పింది.

నాకు నోటి నిండా మాటలు వచ్చాయి. మూసేసిన ఫైలు గురించి, నియమాల గురించి, మందుల గురించి, నేను వెళ్లి షావుకారిని ఒప్పించడం గురించి. ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కొక్కటే పోయాయి. అన్నీ సాకులే. ఆ పిల్ల నా మొహం కేసి చూడలేదు. బొంగరం కేసి చూస్తూ, పెదాలు బిగించుకుని కూర్చుంది. బొంగరం నెమ్మదించింది, అటూ ఇటూ తూలింది, పడింది.

"లేదు," అన్నాను.